ఇసుక మొసలి

ఆ రోజుల్లో పోలీసు ఉద్యోగానికి బుర్ర చాలనుకున్నాను గానీ, కాళ్ళు కూడా అడుగుతారని ఆలోచించలేదు. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. పరుగులో పోతే అంతా పోయినట్టే. అందుకని పోర్టులో క్రేన్ నడిపే మా బావ (అక్క మొగుడు, నిద్రకు ఆగర్భ శత్రువు) తెలతెలవారుతుండగానే నన్నూ, నాతోపాటు పరీక్షకు తయారవుతున్న పక్కింటి పిల్లనూ బండెక్కించి, మల్కాపురం నుంచి బీచికి తీసుకెళ్ళి ఇసుకలో పరిగెత్తించేవాడు. గొంతు పెద్దదని ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరు మైకు.

పిక్కలు పట్టేసిన ఒక ఉదయం ఇద్దరం ఇసుకలో చతికిలబడ్డాం. "బావా, ఇక్కడ పరిగెట్టకూడదంట. ఇసక మొసలుంటాది," అన్నాను.

"ఏటే మరదలా, అది?"

మైకు అందుకుంది. "పూర్వం ఉప్పుటేట్లో ఉండీది బావా. ఏరెండిపోతే ఇసకలో దూరిపోనాది. లావువన్నీ ఊపిరాడక సచ్చిపోనాయి. సన్నవే బతికి పిల్లల్ని పెట్టాయి." (డిగ్రీలో జువాలజీ నాది, ధైర్యం దానిది. రెండూ కలిస్తే సైన్సయింది.)

"కళ్ళల్లో ఇసక పడదేటి?"

"కళ్ళెక్కడివి? తరతరాలు సీకట్లో ఉండీసరికి కళ్ళు పోనాయి," అన్నాను. "అడుగుల అదురు పొట్టకి తెలుత్తాది. నోరు తెరుసుకుని కిందే కాసుకునుంటాది. దబదబా పరిగెత్తేవోల్నే లాగేత్తాది. మెల్లగా నడిసేవోల జోలికి రాదు."

బావ గడ్డం గోక్కున్నాడు. మేం గెలిచామనుకుని చెప్పులు వెతుక్కుంటున్నాం.

"పరిగెత్తేవోల్ని తినీసింది. మరింక మిగిలింది మెల్లగా నడిసేవోలే కదేటి? వోల్ని పట్టడం నేర్సిన మొసలే బతుకుతాది. అంటే ఇప్పుడు ఈ ఇసకలో ఉన్నవన్నీ అవే. దాని నోరు మూసుకునీలోగా దాటీసినోలకే బతుకు. లెగండి!"

కన్నవాళ్ళ మీదికే తిరగబడింది మా జంతువు. లేచి పరుగందుకున్నాం. కొంత దూరం పోయేసరికి కాలికింద ఇసుక మెత్తగా కుంగి, ఏదో నా బొటనవేలు పట్టేసుకుంది. పీత. (ఆ సంగతి తర్వాత తెలిసింది.) "బాబోయ్, నాను సచ్చిపోనాను!" అని మైకును మించిన గొంతుతో అరుస్తూ, ఆ పిల్లను దాటి, ఆరేసిన వలలు దాటి, పడవల దగ్గర గానీ ఆగలేదు. బావ మాత్రం ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

పరీక్ష పరుగులో ఇద్దరం నెగ్గాం. ఇప్పుడు నాది స్టేషన్లో కంప్యూటరు ముందు కూర్చుని ఫిర్యాదులు ఎక్కించే పని. మొన్న అపార్టుమెంటులో లిఫ్టు పాడైతే, మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయాను. చున్నీ నడుముకు బిగించి అంత దూరం ఒక్క ఊపున ఉరికిన ఆ పిల్ల నేనేనా అనిపించింది. ఆనాటి ఆ పిల్లే ఇప్పుడు నా పక్కనుంచి మెట్లెక్కిపోతుంటే "కాస్త మెల్లగా తల్లీ" అనేదాన్నేమో. వినే రకం కాదులెండి.