సాయంత్రం ఆరింటి గ్రామసభ

నిన్న తెనాలి రైల్లో ఎదురు సీటులో కూర్చున్నావిడ చీర నుంచి కాల్చిన జీడిగింజల వాసన వచ్చింది. ఆ ఘాటుకి నాకు రజియా బేగం గారు గుర్తొచ్చారు. బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో నేను పంచాయతీ కార్యదర్శిగా చేరినప్పుడు ఆవిడ మా మండలాధికారి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏడాది మా ఊరిని పట్టణంలో కలపాలా వద్దా అన్నది గ్రామసభలో తేల్చమన్నారు. కలిస్తే పొలాల ధర పెరుగుతుందని రైతుల ఆశ. కూలీలకు మాత్రం ఉపాధి హామీ పనులు పోతాయి, ఇంటిపన్ను పెరుగుతుంది. పొద్దున పదకొండింటికి సభ పెడితే కుర్చీలన్నీ రైతులతోనే నిండాయి. కూలీల కాలనీ ఆడవాళ్ళు అప్పటికే ఆటోలెక్కి వేటపాలెం జీడిపప్పు కంపెనీలకు వెళ్ళిపోయారు.

"రానివాళ్ళకి పట్టింపు లేదనే కదండీ, కానిచ్చేయండి," అన్నారు సర్పంచ్ గారు.

"పట్టింపు లేక కాదండి, కూలి పోతుందని రాలేదు," అని, సభ జరిపించడానికొచ్చిన రజియా గారు దాన్ని మర్నాడు సాయంత్రం ఆరింటికి మార్చేశారు. రైతులు పై అధికారులకు ఫిర్యాదు చేస్తామన్నారు. ఆ సాయంత్రం ఆవిడ ఆటోలు ఆగే చోట నిలబడి, దిగిన ప్రతి ఒక్కరికీ తనే కబురు చెప్పారు.

మర్నాడు వాళ్ళు వచ్చారు. జీడి రసానికి చేతులు నల్లబడి ఉన్నాయి. ముందు వరసలో రైతులున్నారు; ఖాళీ కుర్చీలున్నా వీళ్ళు వెనకాల నేల మీదే కూర్చున్నారు. కలిస్తే వచ్చేదీ పోయేదీ వివరించి, ఆవిడ చేతులెత్తమన్నారు. వెనకనుంచి కలపాలని గానీ వద్దని గానీ ఒక్క చెయ్యి లేవలేదు. ఆవిడ వెళ్ళి కోటమ్మ అనే ఆమె పక్కన కూర్చున్నారు.

"ఏంటమ్మా, ఏమీ చెప్పరేం?"

"మళ్ళీ నాట్లకి వాళ్ళ పొలాల్లోకే కదండీ వెళ్ళాలి," అంది కోటమ్మ, ముందు వరస వైపు చూడకుండా.

ఆవిడ పక్కనే ఉన్న బడిగదిలో బల్ల వేయించారు. రైతులైనా కూలీలైనా ఒక్కొక్కరే లోపలికొచ్చి తమ మాట మా ఇద్దరికీ చెప్పాలన్నారు. కోటమ్మ తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, "వద్దండి," అంది. కుళాయిలొస్తాయని కలుపుదామన్న కాలనీ వాళ్ళూ ఉన్నారు. చివరికి కొద్ది తేడాతో వద్దన్నదే నెగ్గింది.

కొన్నాళ్ళకే ఆవిడను రేపల్లె వైపు బదిలీ చేశారు. చూడ్డానికి వెళ్ళి, మనం అనుకున్నదే నెగ్గింది కదా మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వి, "నేనేం అనుకున్నానో నీకెలా తెలుసు?" అన్నారు. నిజమే, ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేనూ అధికారినే. ఏ సభకైనా వేళ నిర్ణయించే ముందు, పనికెళ్ళినవాళ్ళు ఎప్పుడు ఇల్లు చేరతారో అడుగుతాను. వాళ్ళు వచ్చి కూర్చున్నాక, చేతులెత్తమనే ముందు, ముందు వరసలో ఎవరున్నారో చూస్తాను.