రేణుక నోటుబుక్కు, నా ఎర్ర పెన్ను

2018 జూలైలో నన్ను మక్తల్ దగ్గరున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు ఇంగ్లీషు. నేను పుట్టింది హుజూర్‌నగర్ వైపు, కాలువ నీళ్ల కింద. నాన్‌లోకల్ కోటాలో ఉద్యోగం వచ్చి పాలమూరు జిల్లాలోనే జుట్టు నెరిసినవాణ్ని. అప్పటికి పదవీ విరమణకు మూడేళ్లుంది. నాకిక తెలియనిది ఏముంటుందిలే అనే ధీమా కూడా కొంత ఉండేది.

పదో తరగతిలో భూతకాలం చెప్పడానికి నా దగ్గరొక అట్టబోర్డు ఉండేది. దాని మీద నాలుగు వరుసల జేబులు కుట్టించాను. మొదటి వరుసలో ఎవరు, రెండో దాంట్లో ఏం చేశారు, మూడో దాంట్లో దేన్ని లేదా ఎక్కడ, నాలుగో దాంట్లో ఎట్లా, ఎప్పుడు. పిల్లలు ఒక్కో జేబులోంచి ఒక్కో చీటీ తీసి వాక్యం కట్టాలి. మన తెలుగులో అయితే క్రియ తోకను పట్టుకుంటే చాలు, వచ్చినవాళ్లెవరో తెలిసిపోతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చింది, వచ్చారు. ఇంగ్లీషు క్రియకు ఆ మర్యాదలేవీ లేవు. నేనొచ్చినా, మేక వచ్చినా, కలెక్టరు వచ్చినా ‘కేమ్’ ఒక్కటే. కాబట్టి సంగతి తెలియాలంటే ముందున్న సర్వనామాన్నీ, వెనకున్న నామవాచకాన్నీ, క్రియావిశేషణాన్నీ చూడాలని బల్ల గుద్ది చెప్పేవాణ్ని. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత నాకే పనికొచ్చింది.

పిల్లలకు నాలుగో జేబంటే మహా ఇష్టం. ఒకడు ‘హెడ్మాస్టర్ కేమ్ లేట్ యెస్టర్డే’ అని గొంతెత్తి చదివాడు. ఆ సమయానికి హెడ్మాస్టరుగారు కిటికీ దగ్గరే నిలబడి ఉన్నారు. వాక్యంలో తప్పు లేదు కనక నేను దిద్దలేకపోయాను.

ఆ తరగతిలోనే రేణుక ఉండేది. తండ్రి బీరప్ప గొర్రెల కాపరి. వానలు వెనకబట్టాక ఆ వైపు మందలు మేత వెతుక్కుంటూ తూర్పున కాలువల కిందికి పోతాయి. కోతలైన పొలంలో ఒక రాత్రి మందను ఆపితే రైతుకు ఎరువు, కాపరికి జొన్నలో వడ్లో. దాన్నే మంద పెట్టడం అంటారు. ఆ ఏడు నవంబరులో రేణుక తల్లి చెయ్యి విరిగి ఇంట్లో ఉండిపోవడంతో, మంద దగ్గర వండటానికి ఈ పిల్ల బయలుదేరాల్సి వచ్చింది. ఆపి చూశాను, వల్ల కాలేదు. చివరికి ఒక నోటుబుక్కు ఇచ్చి, రోజుకు ఐదు భూతకాల వాక్యాలు రాయమన్నాను. నిజంగా జరిగిందే రాయాలని షరతు పెట్టాను.

జనవరిలో బీరప్ప మందను తమ్ముడికి అప్పగించి, బిడ్డను బస్సులో వెంటబెట్టుకొచ్చాడు. పరీక్షల దాకా ఆమెను ఇక్కడ ఉంచాలా, మర్నాడు తనతో తిరిగి తీసుకుపోవాలా అన్నది సారు మాట మీద ఆధారపడి ఉందని నాకు కబురు చేశాడు.

అది నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కులు వేసే వారం. ఇందులో రాతపనికి ఐదు మార్కులు. నా ముందు నలభై నోటుబుక్కుల గుట్ట. మా బడుల్లో ఒక ఆచారముంది, బాగా చదివే పిల్ల పుస్తకం ఒకటి తరగతంతా తిరుగుతుంది. అందుకని మాకు చదవడం మానేసి పోల్చడం అలవాటవుతుంది. రేణుక పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో కేమ్, స్టేడ్, కుక్డ్, స్లెప్ట్, లెఫ్ట్. రెండో పేజీలోనూ అవే. పదో పేజీలోనూ అవే. మొదటి పేజీనే దించుకుంటూ పోయిందనుకున్నాను. పేజీ పేజీకీ అడ్డంగా ఎర్ర గీత కొట్టి, అట్ట మీద ‘కాపీ’ అని రాసి, మార్కుల రిజిస్టరులో సున్నా వేశాను. ఆ పిల్ల పుస్తకం తీసుకుని వెళ్లింది.

మర్నాడు ప్రార్థన కాగానే బీరప్ప వరండాలో నిలబడ్డాడు. పక్కన రేణుక, చేతిలో బట్టల సంచి. చదువు రాని మనిషి గనక ఎర్ర గీతలను చూసి సంగతి గ్రహించాడు. పిల్లను తీసుకుపోతున్నానని చెప్పి, పుస్తకం తిరిగి ఇవ్వబోయాడు. రోజూ ఒకటే రాస్తే ఎట్లా అన్నాను.

“సారూ, మంద కాడ దినాం గదే పని,” అన్నాడు. “ఊరు మారుతది, చేను మారుతది. పని మారదు.”

పుస్తకం మళ్లీ తెరిచాను. ఈసారి క్రియలు వదిలి మిగతా జేబులు చదివాను. ప్రతి పేజీలో ఊరు వేరు, రైతు పేరు వేరు. ఒకచోట ‘స్లెప్ట్ బ్యాడ్లీ’, కారణం వాన. ఒకచోట ‘లెఫ్ట్ ఎర్లీ’, కారణం కుక్కలు. వరసగా చదువుతుంటే మక్తల్ నుంచి తూర్పు దాకా నడిచిన దారంతా ఉంది. ముప్పై ఆరో పేజీలో మా ఊరు. మంద ఆగింది సైదులు పొలంలో. సైదులు మా చిన్నాయన కొడుకు. ఆ పేజీని నేను కొట్టేసిన గీత కాస్త లోతుగా దిగి, కాగితం చిరిగింది కూడా.

నిన్ననే ఎందుకు చెప్పలేదని రేణుకను అడిగాను.

“మీరు అడుగలే గద సార్,” అంది.

తప్పు నాదేనని బీరప్పతో చెప్పాను. పిల్ల నిజమే రాసిందనీ, ఆమెను తీసుకుపోవద్దనీ బతిమాలాను. అతను సంచి దించమని బిడ్డకు చెప్పాడు. తర్వాత ఒక్కడే బస్సుకు పోయాడు.

ఇక రిజిస్టరు. సిరాతో వేసిన మార్కు దిద్దితే పక్కన కారణం రాసి, హెడ్మాస్టరు పొట్టి సంతకం తీసుకోవాలి. ‘మార్కులు వేసిన ఉపాధ్యాయుడు వాక్యాలు పూర్తిగా చదవలేదు’ అని రాసి ఆయన గది ముందు కూర్చున్నాను. ఆయన వచ్చి, చదివి, కళ్లద్దాలు తీసి, “మీరు గూడ లేటుగనే వచ్చిండ్రు సారూ,” అని సంతకం పెట్టారు. సున్నా ఐదైంది. రేణుక మార్చిలో పరీక్ష రాసి పాసైంది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ‘కాపీ’ అని రాసేముందు పిల్లను పిలిచి అడిగేవాణ్ని. అడగడానికి అర నిమిషం పడుతుంది. కొట్టివేతకు సంతకం చేయించుకోవడానికి ఆ రోజు నాకు రెండు పీరియడ్లు పట్టింది.