మాసయ్య గిన్నెలో మీగడ

మున్సిపల్ ఆఫీసులో పాలు, తినుబండారాలు తనిఖీ చేసే విభాగంలో మాసయ్య అటెండర్. శాంపిల్ సీసాలకు మూత బిగించి, లక్క కరిగించి సీలు వేసేది ఆయనే. ఇరవై రెండేళ్లలో ఆయన సీసా ఒక్కటీ ల్యాబ్ నుంచి వాపసు రాలేదు. ఈ మాట అడగకపోయినా చెబుతాడు.

శాంపిల్ తీసే ముందు పాలను అడుగుదాకా కలియబెట్టాలి. తొందరలో చాలామంది ఆ పని చేయరు. మాసయ్య అందుకోసమే సంచిలో పొడుగు గరిటె పెట్టుకుని తిరుగుతాడు.

2012 జూలైలో, చిక్కడపల్లి ఆశమ్మ పోసే పాలలో నీళ్లు కలుస్తున్నాయని అశోక్‌నగర్ హాస్టల్ విద్యార్థులు ఆఫీసుకు అర్జీ పెట్టారు. ఆశమ్మ మాసయ్య గల్లీ మనిషే. పన్నెండేళ్లుగా ఆయన ఇంటికి తెల్లవారగానే వచ్చేవి ఆమె పాలే. కాచి దించితే గిన్నెలో మందంగా మీగడ కట్టేది.

ఇన్‌స్పెక్టర్ వీరరాఘవరావు వెంట మాసయ్య తొమ్మిదింటికి ఆశమ్మ దుకాణం చేరాడు. అర్జీ రాసిన భానుప్రకాశ్ కూడా వచ్చాడు.

"ఏందన్నా, నువ్వే తోల్కొచ్చినవా సార్‌ను?" అంది ఆశమ్మ. "నీళ్లు పోస్తే నా చెయ్యి పడిపోతది. హాస్టళ్లు బంద్ వెడితే నేనెట్ల బతకాలె?"

"మీకు చుట్టమా?" అన్నాడు వీరరాఘవరావు.

"మా గల్లీ సార్. ముందుగాల పాలు చూద్దాం."

హాస్టళ్లకు పోసే క్యాను సగానికి దిగింది. మాసయ్య ఆ పాలలో లాక్టోమీటర్ వదిలాడు. నీళ్లు కలిస్తే ఆ గాజుగొట్టం కిందికి దిగాలి. మామూలుకన్నా పైకి తేలింది. అంటే నీళ్లు చేరలేదు, మీగడ పోయింది.

"ఆశమ్మా, పొద్దుగాల మొదలు ఎవలకు పోస్తవ్?"

"పాతోళ్లకు. నీకు, మన గల్లోళ్లకు."

"కలియబెట్టి పోస్తవా?"

"కలియబెడితే మీది మీగడ కిందికి పోదా? ఎన్నేండ్ల సంది తీస్కుంటున్నరు, గామాత్రం మర్యాద ఉండొద్దా?"

క్యాన్లు ఘట్‌కేసర్ నుంచి వచ్చి గంటల తరబడి కదలకుండా ఉంటాయి. మీగడ తేలిన పైపాలు పాత ఇళ్లకు, అడుగుపాలు హాస్టళ్లకు. ఆమె దృష్టిలో అది మోసం కాదు, మన్నన.

"ఈ క్యానులోవే సీసాలో పొయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పోస్త సార్. గని మూత తియ్యని క్యాను గూడ కలియబెట్టి తియ్యాలె. ఇదొక్కటే తీస్తే వెన్న తక్కువొచ్చి నీళ్లు కలిపిందని పేరు వడ్తది. నీళ్లు సుక్క లెవ్వు. గీ పిలగాండ్ల మీగడ నా గిన్నెల ఉన్నది."

దుకాణం ముందు నవ్వులు లేచాయి. "అన్నా, పన్నెండేండ్ల మీగడ ఎప్పుడు వాపస్ ఇస్తవ్?" అంటూనే భానుప్రకాశ్ సాక్షి సంతకం పెట్టాడు.

రెండు క్యాన్ల పాలకూ సీలు పడింది. రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. దేనిలోనూ నీళ్లు లేవు. సగం క్యానులో మాత్రం వెన్న తక్కువ. ఇకపై కలియబెట్టి పోయాలని ఆశమ్మకు నోటీసు ఇచ్చారు. హాస్టళ్లు ఆమె పాలు మానలేదు. మాసయ్య తన గరిటెను ఆమె దుకాణంలోనే వదిలి, ఆఫీసుకు కొత్తది కొనుక్కున్నాడు.

పాత ఇళ్లవాళ్లు గొణిగారు. "మాసయ్యనడుగుర్రి," అనేది ఆశమ్మ, గరిటె తిప్పుతూ.

ఇంట్లో భార్య ఎల్లవ్వ కూడా గిన్నె ముందుకు తోసింది. "ఏందయ్యా, మీగడ గింతేనా?"

"గంతే," అన్నాడు మాసయ్య తలెత్తి. "అశోక్‌నగర్ల గూడ గంతే."