కంచె దాటి వచ్చిన మాచిపత్రి

పోయిన నెల మా పక్కింటి మామ్మగారు పోయారు. నిద్రలోనే వెళ్ళిపోయారని వాళ్ళమ్మాయి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆవిడ జపాన్ మనిషి. డబ్లిన్‌లో మా తమ్ముడి పెరడుకీ ఆవిడ పెరడుకీ ఒకటే కంచె.

ఒక ఉదయం గుర్తొస్తోంది. వినాయక చవితి. దీపం పెట్టి పత్రి చూసుకుంటున్నాను. మాచిపత్రి లేదు. ఇక్కడ ఏటా అంతే, చామంతి ఆకు వేసి దణ్ణం పెట్టుకునేదాన్ని. కంచె మీద చప్పుడైతే వెళ్ళాను. మామ్మగారి చేతిలో పొగలు కక్కుతున్న పళ్ళెం. వెదురాకుల్లో చుట్టి, సన్నటి తాళ్ళతో కట్టిన కుడుములు. వాళ్ళ ఊరి వైపు చేసుకునే తీపి అట. ఒకటి విప్పి చూపించారు. పచ్చటి బియ్యప్పిండి, లోపల ఎర్రగింజల పూర్ణం. ఆ వాసన నాకు తెలుసు.

"పిండిలో ఏమాకు వేశారండీ?"

కంచె మూల తొట్టి చూపించారు. మాచిపత్రి!

"మేం ఇది దేవుడి మీద వేస్తాం," అన్నాను.

"మేం తింటాం. మీ దేవుడికి ఆకలెయ్యదా?" అన్నారు.

నైవేద్యం కాకముందు మేం రుచి చూడకూడదని చెప్పాను. మరుసటేటి నుంచి మొదటి వాయి మాకే వచ్చేది. "ముందు మీ దేవుడికి. నేనింకా నాలిక మీద పెట్టలేదు," అనేవారు. తాడు మాత్రం కత్తిరించనిచ్చేవారు కాదు. "విప్పండి. తొందరేముంది?" విప్పిన తాళ్ళు నేను సొరుగులో దాచేదాన్ని.

ఆ మొక్క కంచె కింద నుంచి మా వైపు పాకింది. తమ్ముడు పీకేవాడు. "అక్కా, మీ మామ్మగారి కలుపు మళ్ళీ వచ్చేసింది. కాలనీ హెచ్ఓఏ వాళ్ళు లెటర్ పంపుతారు."

అవతల నుంచి ఆవిడ నవ్వారు. "దానికి వీసా అక్కర్లేదు నాయనా."

నిన్న వాళ్ళమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. "అమ్మ పిండి కలపడం మీరు చూశారా?" అంది.

"చూశాను. ముడి వెయ్యడం రాదు."

"ముడి నాకొచ్చు. చిన్నప్పుడు నా పని అదే. తొట్టి మాత్రం లేదు. పెరడు శుభ్రం చేసినవాళ్ళు పారేశారు," అంది.

ఇక మిగిలింది మా వైపు మొలిచిందే.

సాయంత్రం ఇంట్లో అందరం అనుకున్నాం. చవితికి ఆ అమ్మాయిని పిలవాలి, ఇద్దరం కలిసి చెయ్యాలి. కంచె వెంట మూరెడు మేర గడ్డి కోసే మెషీన్ పోనివ్వకూడదు. తమ్ముడు సొరుగులోంచి ఆ తాళ్ళు తీసుకెళ్ళి, నాలుగు పుల్లలు పాతి, మొక్క చుట్టూ కట్టి వచ్చాడు.