మినరల్ వాటర్‌తో కడిగిన లెన్సు

మొండితనం నాకు పుట్టుకతోనే వచ్చింది. కంటి మీదికి తెచ్చుకున్నదీ దానివల్లే.

మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందుగదిలో నా మగ్గం ఉంటుంది. పెళ్ళి జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టడం నా పని. తల వంచితే చాలు, కళ్ళజోడు జారి బట్ట మీద పడేది. విసిగి విసిగి కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకున్నాను. జోడు లేకుండా సూదిమొన కనిపించిన మొదటిరోజు ఎంత మురిసిపోయానో. మా అత్తమ్మకు మాత్రం నచ్చలేదు.

"కంట్ల ప్లాస్టిక్ పెట్టుకునుడేందీ బిడ్డా, నలక పడితేనే ఓర్వలేం" అంది. నవ్వి ఊరుకున్నాను.

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒకసారి లెన్సులు నానబెట్టే సొల్యూషన్ అయిపోయింది. పూసల కోసం రెజిమెంటల్ బజార్ దాకా వెళ్ళినదాన్ని, దారిలో మందుల షాపు ముందు నుంచే వచ్చాను కానీ ఆ సంగతే గుర్తు రాలేదు. బోరు నీళ్ళు ముట్టలేదు, అంత తెలివి నాకూ ఉంది. వంటింట్లో మినరల్ వాటర్ క్యాన్ ఉంది. చుట్టాలొస్తే మా ఇంట్లో గొప్పగా ఇచ్చేది ఆ నీళ్ళే, పసిపిల్లల పాలపొడి కలిపేదీ వాటిలోనే. అంతకంటే శుభ్రమైనవి ఎక్కడ దొరుకుతాయనుకుని లెన్సుల డబ్బీలో అవే పోశాను. వారం రోజులు అదే వరస.

తర్వాత కుడికన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే పొడిచినట్టు నొప్పి. కళ్ళకలకే కదా అనుకుని, జాకెట్ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడిందని మళ్ళీ ఆ లెన్సే పెట్టుకుని కూర్చున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మూడోరోజు అత్తమ్మ నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. "నల్లగుడ్డు మీద తెల్లగ చుక్క లేచింది. లే, దవాఖానకు పోదాం."

"సాయంత్రం పోదాం అత్తమ్మా, ఈ ఒక్క చెయ్యి కుట్టేస్తే అయిపోతుంది."

"జాకెట్ చెయ్యి గురించి పరేషానైతున్నవ్. కన్ను పోతే దేంతోని కుడ్తవ్?"

ఆ మాటకు సూది కింద పెట్టేశాను. నిజంగా భయం వేసింది.

కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, పుండయిందని డాక్టరమ్మ చెప్పింది. లెన్సుకు నీళ్ళు తగిలాయా అని అడిగింది.

"కుళాయి నీళ్ళు కాదు మేడమ్, మినరల్ వాటరే" అన్నాను, కొంచెం గర్వంగానే.

"తాగడానికి పనికొచ్చే నీళ్ళు లెన్సుకు పనికిరావమ్మా. కనబడని క్రిములు వాటిలోనూ ఉంటాయి. లెన్సు కింద చేరితే అక్కడే కాపురం పెడతాయి" అంది. మచ్చ నడిమికి పాకితే ఆ కంట్లో చూపు తగ్గుతుందనీ, ఇప్పటికైనా వచ్చారు కాబట్టి ఆశ ఉందనీ చెప్పింది. గంటగంటకూ చుక్కల మందు రాసింది.

లెన్సులూ డబ్బీ పరీక్షకని ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. పాత కళ్ళజోడు బయటికి తీసి, జారకుండా వెనక ఎలాస్టిక్ కుట్టుకున్నాను. ఇంత చిన్న ఉపాయం ముందే ఎందుకు తట్టలేదో నాకే తెలియదు.

చుక్కల బాధ్యత అత్తమ్మ తీసుకుంది. రోజూ పొద్దున ఒక పరీక్ష కూడా పెట్టేది. నా ఎడమకన్ను అరచేత్తో మూసి, ముందు స్టీలు పళ్ళెం పెట్టి, "ఏం రంగు పూస ఏసిన?" అని అడిగేది. నాకు మసక తప్ప ఏమీ కనబడేది కాదు. ఆమెను బాధపెట్టడం ఇష్టంలేక ఒకరోజు ఎరుపనేదాన్ని, ఒకరోజు ఆకుపచ్చనేదాన్ని. "మంచిగ చెప్పినవ్" అని పళ్ళెం తీసుకుపోయేది. నా అదృష్టానికి నేనే ఆశ్చర్యపోయేదాన్ని.

నెల దాటాక ఒక పొద్దున పళ్ళెం అంచు కనిపించింది. అడుగున గీతలు కూడా కనిపించాయి. ఎంత వెతికినా పూస లేదు.

"పళ్ళెంలో ఏమీ లేదు అత్తమ్మా" అన్నాను.

"మొదటిదినమే తప్పు చెప్పినవ్ బిడ్డా. గప్పటి సంది ఖాళీ పళ్ళెమే పెడ్తున్న. ఇయ్యాల కనబడ్డది నీకు."

నా ఎడమకంటి మీంచి చెయ్యి తియ్యడం కూడా ఆమె మరిచిపోయింది. నాకంటే ఎక్కువ భయపడింది ఆమేనని అప్పుడు తెలిసింది.