మా తమ్ముడి చెవులు

మొన్న మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏదో దేశంలో పెద్ద స్టేడియం, నేల ఈనినట్టు జనం, నడుమ నల్లకళ్ళద్దాల ర్యాప్ గాయకుడు. మళ్ళీ ప్రపంచయాత్ర మొదలుపెట్టాడట. మనిషి లావయ్యాడు, గడ్డం నెరిసింది. "అత్తా, ఈయన నీకు తెలుసా?" అంది. తెలియకపోవడమేమిటి? గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస వరుసంతా కొన్నేళ్ళపాటు ఆయన్ని శపించింది. పేరుకు నోరు తిరగక "ఒర్రెటోడు", అంటే అరిచేవాడు, అనేవాళ్ళు.

ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాని రోజులు. తమ్ముడు గీతలు పడ్డ సీడీలో పొద్దస్తమానం ఆయన పాటలే వినేవాడు. పక్కింటి ముసలావిడ ఓసారి గోడ మీంచి వాణ్ణి అడిగింది.

"ఏంది బిడ్డా, వాడు పాడుతుండా, తిడుతుండా?"

"తిడుతుండు పెద్దవ్వా."

"ఎవల్ని?"

"అందర్ని."

"గట్లయితే మంచోడే. సౌండు పెంచు."

మా బాపు బొగ్గుబావిలో డ్రిల్లు పట్టీ పట్టీ చెవులు పోగొట్టుకున్నాడు. ఇక బావి పనికి పనికిరాడని దవాఖాన తేల్చింది. అలా తేల్చితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఆడపిల్లను బావిలోకి దింపరు కాబట్టి నా డిగ్రీ గోడకు వేలాడింది, ఇల్లు మాత్రం ఉన్న ఒక్క మగపిల్లాడి మీద నిలబడింది. వాడు వైద్యపరీక్ష గట్టెక్కకపోతే జీతం లేదు, క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. మా దగ్గర ఆ పరీక్షకు కాలనీ కాలనీయే పాఠాలు చెబుతుంది. బరువు తూగాలని అరటిపండ్లు మెక్కించారు. కంటిపరీక్ష అక్షరాలు బట్టీ పట్టించారు. వాకిట్లో నిలబెట్టి ఛాతీ పొంగించడం నేర్పారు. చెవుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ వయసులో చెవులకేం రోగం?

సరిగ్గా పరీక్షకు ముందు వారమే ఒర్రెటోడు బెంగుళూరు వచ్చాడు. తమ్ముడు స్నేహితులతో రైలెక్కి పోయి, స్పీకర్ల పక్కనే నిలబడి విని వచ్చాడు. చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నాయని ఒకటే నవ్వు. పరీక్షలో చెవులకు యంత్రం తగిలించి, కూత వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. వాడు ఎత్తలేదు. కొన్నాళ్ళాగి మళ్ళీ పిలిచారు. అప్పుడూ ఎత్తలేదు.

క్వార్టరు పోయింది. రేకుల ఇంట్లోకి మారాం. తమ్ముడు టైర్ల దుకాణంలో కుదిరాడు. అందరూ వాడితో అరిచి మాట్లాడేవారు, అందరూ ఆ పాటగాణ్ణి తిట్టేవారు. నేనైతే అందరికన్నా ఘాటుగా తిట్టాను. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని మా మేనత్త పిసినారితనం మీద నాలో నేనే ఏదో గొణిగాను. వెనక పీట మీదున్న తమ్ముడు ఫక్కున నవ్వాడు.

"వినవడ్డదారా?"

వాడి మొహం పాలిపోయింది. "వినవడ్డదక్కా. మొదటిపాలి పరీక్షల నిజంగనే వినవడలే. రెండోపాలి అన్ని కూతలు వినవడ్డయ్."

"మరి వేలెందుకు లేపలే?"

"బావిల పైకప్పు కూలే ముందల కిర్రుమంటదని బాపు చెప్తడు గద. ఆ చప్పుడు కోసం దినాం చెవులు పెట్టుకోని బతుకుడు నాతోని కాదక్కా."

వాదించడం తప్ప ఊరుకోవడం తెలియని మనిషిని నేను. "బాపుకు చెప్పు. తంతే తంతడు" అన్నాను.

"తన్నడక్కా. సస్తడు."

ఆ తర్వాత కూడా నలుగురి ముందు వాడితో అరిచే మాట్లాడాను.

బాపు కొడుకును తనలాంటివాడే అనుకున్నాడు. మొదట్లో పెదాల కదలిక చూసి మాట పట్టడం ఓపిగ్గా నేర్పాడు. మంచం పట్టాక ఆ ఓపిక పోయింది. చెవుడున్న మనిషి గుసగుస ఇల్లంతా వినబడుతుంది. తమ్ముడు మందుబిళ్ళ అందిస్తుంటే, వాడి ఎదురుగానే మమ్మల్ని కన్న అవ్వతో అనేవాడు: "నా చెవులు బొగ్గు తిన్నది, వీనియి పాట తిన్నది. రేపు నీకు బుక్కెడు వెట్టేటోడు లేడు. వీడు పుట్టకున్నా మంచిగుండేది." తమ్ముడు మొహంలో ఒక్క గీత కదలనివ్వకుండా నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. బాపు కన్నుమూసేదాకా రోజూ అంతే.

ఆ అబద్ధం వాడి వయసును తినేసింది. అయితే తినడానికైనా వాడికి ఒక వయసంటూ మిగిలింది. ఆ రోజు వాడితోపాటు వరసలో నిలబడి, వేలెత్తి, బావిలో దిగినవాళ్ళలో తిరిగి పైకి రాని కొందరికి కాలం ఆపాటి దయ కూడా చూపలేదు.