ఈ నొప్పి ఎవులిది?

అప్పలసూరికి మొదటి కాన్పు చాలా కష్టమయింది.

కన్నది అతని భార్య లక్ష్మణమ్మే, అందులో అనుమానం లేదు. కానీ లోపలి గదిలో ఆవిడ ఒకసారి మూలిగితే బయట అరుగు మీద అతను రెండుసార్లు మూలిగాడు. మంత్రసాని మరిడమ్మ లోపలికీ బయటికీ తిరగలేక ఆయాసపడింది. చివరికి విసుగొచ్చి, "ఓలమ్మ, ముందు మీ ఇద్దర్లో ఎవులు కంతారో తేల్సండి, నాను వాళ్ల కాడే కూకుంటాను" అంది. ఆడపిల్ల పుట్టింది. లక్ష్మణమ్మ మూడోనాటికి లేచి తిరిగింది. అప్పలసూరి మాత్రం పదకొండు రోజులు కారం తినకుండా, నడుముకి గుడ్డ కట్టుకుని, గోడవారగా కూర్చున్నాడు.

అది మొదలు. రామతీర్థం కొండ కనిపించే దూరంలో ఉన్న మెట్టవలసలో అప్పలసూరికి రెండెకరాల వరిపొలం, ఎకరంన్నర మెట్ట ఉండేవి. మెట్టలో ఒక ఏడు చోడి, అంటే రాగి, ఒక ఏడు నారకి గోగు. మనిషి బలంగానే ఉండేవాడు. ధాన్యం బస్తా ఒక్కడే ఎత్తి బండిలో వేసేవాడు. కానీ ఎవరైనా ఎదురుగా కూర్చుని, "సూరీ, నిన్నటినుంచి ఇక్కడ ఒకటే పోటురా" అని చెయ్యి పెట్టి చూపించారంటే, వాళ్ల మాట పూర్తయ్యేలోగా ఆ పోటు అతని దగ్గరికి వచ్చేసేది.

వేషం కాదు. మసూచి టీకాలు వేసే ఉద్యోగి ఊళ్లోకి వచ్చినప్పుడు లక్ష్మణమ్మకి వేస్తుంటే అప్పలసూరి గుమ్మంలో నిలబడి చూశాడు. నాలుగోరోజు ఆవిడ చేతి మీద లేచినట్టే అతని చేతి మీదా ఒక పొక్కు లేచింది. మళ్లీ వచ్చిన ఉద్యోగి ఆ పొక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు నేనెప్పుడేశాను?" అని కాసేపు తల గోక్కుని, పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు.

ఊరంతా నమ్మింది మాత్రం గంగులు పన్నుతో. గంగులు లక్ష్మణమ్మకి అన్న, అప్పలసూరికి బావ. వెనక దంతం పోటెత్తి, దవడ పట్టుకుని చెల్లెలింటికి వచ్చి మొరపెట్టుకున్నాడు. అతను మంచినీళ్లు తాగి చెంబు కింద పెట్టేసరికి అప్పలసూరి దవడ వాచింది. ఇద్దరూ చెరో బుగ్గా పట్టుకుని నెల్లిమర్ల సంతకి నడిచారు. అక్కడ పళ్లు పీకే మనిషి పట్టకారు తుడుచుకుంటూ, "ఎవులిది?" అన్నాడు. గంగులు ఆ పట్టకారు చూశాడు. "ఆడిది పీకు" అన్నాడు. అప్పలసూరి నోరు తెరిచాడు. రాయిలాంటి పన్ను, రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. ఆ రక్తం చూడగానే గంగులు పోటు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "తగ్గిపోనాది, బావా" అన్నాడు. ఇల్లు చేరేసరికి అప్పలసూరి వాపూ దిగింది. ఇద్దరూ సంతోషించారు.

ఆ తర్వాత పొద్దున్నే పొలానికి వెళ్లేవాళ్లు అతని అరుగు మీద ఒక నిమిషం ఆగి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. నడుము నొప్పి, పార్శ్వపు నొప్పి, మెడ పట్టు, అత్తగారి మాటకి గుండెల్లో మంట. అప్పలసూరి వేపపుల్ల నములుతూ, "ఆఁ, ఎక్కడ? ఇక్కడా? కిందకి దిగతందా?" అని శ్రద్ధగా అడిగేవాడు. వాళ్లు తేలిగ్గా లేచి వెళ్లిపోయేవారు. అతను బరువుగా లేచేవాడు. అందులో అతనికి చిన్నతనమేమీ అనిపించేది కాదు. వానొస్తే ఎవరైనా వచ్చి నిలబడే చావడిలాంటిది తన ఒళ్లు అనుకునేవాడు. చావడికి నేనెవరిదాన్నన్న బాధ ఉంటుందా?

ఒక్కటే చిక్కు. ఆ నొప్పి పోవాలంటే సొంతదారు మళ్లీ వచ్చి అతని ఎదట "తగ్గిపోనాది" అని చెప్పాలి. చెప్పిన క్షణాన అతనికీ పోయేది. కొంతమంది బాగుపడ్డాక మర్చిపోయేవారు. అలా ఒకసారి ఎవరిదో మోకాలు నొప్పి అప్పలసూరి ఎనిమిది రోజులు మోశాడు. తొమ్మిదోరోజు లక్ష్మణమ్మ వీధిలో నిలబడి, "ఎవులి మోకాలో గానీ, తగ్గిందా నేదా? తగ్గితే వొచ్చి సెప్పడానికి నోరు రాదేటి? నా మొగుడు కుంటుకుంటా దున్నతన్నాడు!" అని అరిచింది. బడిపంతులు నరసింగరావు గారు తలవంచుకుని వచ్చి చెప్పి వెళ్లారు.

తన తలనొప్పుల సంగతి మాత్రం లక్ష్మణమ్మ ఏనాడూ మొగుడికి చెప్పలేదు. తలకి గుడ్డ బిగించి కట్టి, అడిగితే ఎండకని చెప్పేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, దీపావళి వెళ్లిన నాలుగో రోజు. గోగు కట్టలు చెరువులో బాగా నానాయి. ఆ కంపులో నడుంలోతు నీళ్లలో నిలబడి నలుగురితోపాటు నార వొలుస్తున్నాడు అప్పలసూరి. ఉన్నట్టుండి బొడ్డు చుట్టూ ఎవరో తాడు వేసి మెలిపెట్టినట్టయింది. కట్ట వదిలేసి చుట్టూ చూశాడు.

"ఎవులికిరా కడుపునొప్పి?"

ఎవరికీ లేదు.

"సిగ్గుపడకండిరా. నాకు వొచ్చేసినాది. ఎవులిదో సెప్తే సరిపోద్ది."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు ప్రయత్నం మీద కడుపు నొక్కుకుని కూడా చూసుకున్నాడు. లేదు.

ఇంటికొచ్చి పడుకున్నాడు. తిన్నది వెళ్లిపోయింది. సాయంత్రానికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి జరిగి కుడివైపు కిందకి వచ్చి కూర్చుంది. లక్ష్మణమ్మ వాము నూరి ఇచ్చింది. అది కూడా నిలవలేదు. "ఆస్పత్రికి ఎల్దాం" అంది.

"ఎవులిదో తెలకుండా ఆస్పత్రికి ఏటని ఎల్తాం? డాట్రు అడిగితే ఏటి సెప్తాను?" అన్నాడు అప్పలసూరి. అతని లెక్కలో అది న్యాయమైన మాటే. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా తనకంటూ సొంతంగా ఒక నొప్పి వచ్చిన జ్ఞాపకం అతనికి లేదు.

మర్నాడు తెల్లవారగానే, కడుపు మీద చెయ్యి వేసుకుని, వంగిపోయి, ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. వెనకాల లక్ష్మణమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నడిచింది. నరసింగరావు గారు, "నాది కాదు, సూరీ, ఒట్టు" అన్నారు. కొత్తగా కాపరానికొచ్చిన ఒక పిల్ల తలుపు చాటునుంచి తల అడ్డంగా ఊపింది. ఒక ముసలాయన నిన్న పనస తొనలు తిన్నానని ఆశగా చెప్పాడు గానీ, ఆ కాలంలో పనస ఎక్కడిదని అడిగితే నిరుటి సంగతి అని తేలింది. ఊళ్లో ఉన్న రెండు వీధులూ అయ్యాయి. అప్పలసూరి కాలు ఈడుస్తున్నాడు.

గంగులుకి జాలేసింది. పన్ను రుణం కూడా ఉందాయె. ఎదురొచ్చి గట్టిగా, "నాదే, బావా! ఆ నొప్పి నాదే. తగ్గిపోనాది!" అన్నాడు.

అప్పలసూరి మొహం వెలిగింది. ఒక్క నిమిషం ఆగి చూసుకున్నాడు. పోలేదు. "ఏ పక్కన?" అన్నాడు అనుమానంగా.

గంగులు ధైర్యం చేసి ఎడమ పక్క చూపించాడు.

"అబద్ధాలు సెప్పి నన్ను సంపకు, బావా" అని అప్పలసూరి గోడకి చేరగిలబడిపోయాడు. చెమటలు కారిపోతున్నాయి. కళ్లు మూసుకుని ఊళ్లో మనుషుల్ని ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. అందర్నీ అడిగేశాడు. ఎవరూ చెప్పుకోకుండా నొప్పి ఎలా వచ్చింది? చెప్పుకోలేదంటే, తనతో మాట్లాడని మనిషిదై ఉండాలి. తనతో మాట్లాడని మనిషి ఊరంతటికీ ఒక్కర్తే ఉంది.

కూర్మమ్మ అతనికి సొంత మేనత్త. మొగుడు పోయినావిడ, పిల్లలు లేరు, వేరే ఇంట్లో ఉంటుంది. ఆరేళ్ల కిందట అప్పలసూరి గేదె తాడు తెంపుకుని వెళ్లి ఆవిడ ఆరబోసిన చోళ్లు సగం మేసింది. ఆ రోజునుంచి మాటల్లేవు. ఈ నొప్పులు పుచ్చుకునే బాగోతం మీద ఆవిడకి మొదట్నుంచీ నమ్మకం లేదు. "ఎదవ ఏసాలు" అని నలుగురిలోనూ అనేది.

వెళ్లేసరికి కూర్మమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. అప్పలసూరి దడి పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా. ఈ కడుపునొప్పి నీదేనేటి?"

ఆవిడ మొదట తలెత్తలేదు. తర్వాత ఎత్తింది. ఏదో ఘాటుగా అనబోయి, మేనల్లుడి మొహం చూసి ఆగిపోయింది. అతని పెదాలు తెల్లబడ్డాయి. కుడికాలు నేలకి ఆనించకుండా నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడుందో చూసింది. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ మొగుడు సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టుకుని, అలాగే కాలు మడుచుకుని పడుకున్నాడు. కషాయాలు పోశారు, తాయెత్తు కట్టారు. నాలుగోనాడు నొప్పి ఉన్నపళంగా తగ్గింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సాయంత్రమే పోయాడు.

కూర్మమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"నాదే" అంది.

"ఏ పక్క?"

"కుడి పక్క. కిందన. దగ్గితే పొడుస్తాది. కాలు జాపితే పేనం పోతాది. మొదట బొడ్డు కాడ పుట్టినాది. అవునా, కాదా?"

అప్పలసూరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవునత్తా. అదే. మరి తగ్గిపోనాదని సెప్పీ."

"తగ్గందే తగ్గిందని ఎలాగ సెప్పీదిరా? నాను అబద్ధాలాడే దాన్నేటి? ఇజీనారం ఆస్పత్రికి ఎల్లాల. నొప్పి నాదే గానీ అది నీ కాడ ఉన్నాది. నువ్వూ రావాల. ఒసే లచ్చనమ్మా, నిలబడి సూస్తావేటి? మీ అన్నని బండి కట్టమను!"

గంగులు బండి కట్టాడు. బండిలో అప్పలసూరి పడుకుంటే, న్యాయానికి కూర్మమ్మ కూడా పక్కన పడుకుంది. నెల్లిమర్లలో బస్సెక్కించారు.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరు కుర్రవయసువాడు. "నొప్పి ఎవరికి?" అన్నాడు.

"ఈవిడకండి" అన్నాడు అప్పలసూరి.

"మరి మెలికలు తిరుగుతున్నది నువ్వు కదా?"

"నా కాడ ఉందండి. ఆవిడదే."

డాక్టరు అతన్ని పడుకోబెట్టి కుడి పక్క కింద నొక్కి వదిలాడు. అప్పలసూరి కేక పెట్టాడు. అదే క్షణంలో కూర్మమ్మ కూడా తన పక్క పట్టుకుని, "ఓలమ్మో, సచ్చిపోనాను!" అంది. డాక్టరు తిరిగి చూశాడు. ఆవిడ అతని చొక్కా చెయ్యి పట్టుకుని తలుపు అవతలకి లాక్కెళ్లింది. ఏం చెప్పిందో గానీ, రెండు నిమిషాల్లో తిరిగొచ్చిన డాక్టరు గంభీరంగా, "అమ్మా, మీకు వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. కడుపు మాత్రం ఇతనిది కావాలి" అన్నాడు.

"తీసుకోండి బాబూ" అన్నాడు అప్పలసూరి.

కాగితం మీద వేలిముద్ర దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఇంకొకరి నొప్పికి తాను వేలిముద్ర వెయ్యనన్నాడు. అందుకని కాగితం కింద మొదట కూర్మమ్మ వేసింది, తర్వాత లక్ష్మణమ్మ వేసింది, వాళ్లిద్దరి ముద్రలూ చూశాక సాక్షిగానని అతనూ వేశాడు.

మెలకువ వచ్చాక మత్తులో అతనడిగిన మొదటి మాట, "అత్తకెలాగున్నాది?"

అత్తకి బాగులేదు. మంచం పక్కన చాప మీద ముడుచుకుని పడుకుంది. డాక్టరు ముందు పెట్టిన కేక అబద్ధమే. కానీ లోపల తలుపులు మూసి మేనల్లుణ్ని కోస్తున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని ఆవిడ తన పక్క గుప్పిట పట్టుకునే ఉంది. తలుపులు తెరిచాక చెయ్యి తీస్తే, అక్కడ నిజంగానే సలుపు. లేచి నిలబడబోతే నడుము ఎత్తలేకపోయింది. "ఇదేటే, లచ్చనమ్మా" అని బిక్కమొహం వేసింది. మూడు రోజులు ఇద్దరికీ జావే. నర్సు ఆవిడ మూలుగు భరించలేక ఒక పాత పట్టీ తెచ్చి ఆవిడ కడుపుకీ చుట్టింది. అప్పుడు గానీ ఆవిడకి నిద్ర పట్టలేదు.

నాలుగోనాడు డాక్టరు కోసి తీసినదాన్ని సీసాలో పెట్టి చూపించాడు. అప్పలసూరి మొహం తిప్పుకున్నాడు. కూర్మమ్మ చెయ్యి చాపింది. "నాదే కదా, ఇటు తే" అంది. వెలుతురుకి ఎత్తి, వాచిన వానపాములాంటి ఆ ముక్కని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇంతేనేటి, బాబూ?"

"ఇంతే. ఇంకో రోజు ఆగితే పగిలిపోయేది."

"పగిలితే నొప్పి తగ్గినట్టు ఉంటాదా?"

"కాసేపు ఉంటుంది" అన్నాడు డాక్టరు ఆశ్చర్యంగా.

ఆవిడ సీసా ఇచ్చేసి, కొంగు మొహం మీదకి లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఆ పూట మూలగలేదు.

ఎనిమిదోరోజు కుట్లు విప్పారు. కూర్మమ్మ లేచి, మేనల్లుడి ఎదట నిలబడి, పదిమందీ వినేలా, "తగ్గిపోనాది" అంది. అప్పలసూరి అప్పటికప్పుడు మంచం దిగి చొక్కా తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం బస్సు కిటకిటలాడుతోంది. కూర్మమ్మ పట్టీ విప్పనివ్వలేదు. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన్ని పట్టుకుని, "లేవండి బాబూ, ఆపరేసనైన మనిసిని. కడుపు కోసినారు. నిలబడకూడదన్నారు" అంది. ఆయన ఆవిడ నిటారు నడుమునీ గట్టి గొంతునీ చూసి, నమ్మకుండా అటు తిరిగాడు.

అప్పలసూరికి పౌరుషం వచ్చింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అబద్ధం కాదండి. మా అత్తకి నిజింగానే కోసినారు. కావాలంటే సూడండి" అని చొక్కా పైకెత్తి, తన కడుపు మీద ఇంకా ఎర్రగా ఉన్న కోత చూపించాడు. పెద్దాయన కోత చూశాడు, కూర్మమ్మని చూశాడు, మళ్లీ కోత చూశాడు. లేచి సీటిచ్చేశాడు.

నెల్లిమర్ల దాకా అప్పలసూరి కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా కోత చురుక్కుమనేది. అలా అన్నప్పుడల్లా అతను కంగారుగా ముందుకి వంగి, "అత్తా, నొప్పెడతందేటి?" అని అడుగుతూనే ఉన్నాడు.